డెంట్ స్టేషన్‌లో ఎవరు దిగుతారు?

ఇంగ్లండ్‌లో మెయిన్ లైన్ మీదున్న స్టేషన్లన్నిట్లోకీ ఎత్తైనది డెంట్. సముద్రమట్టానికి 1,150 అడుగులు. ఆ సంగతి రాసిన బోర్డు ప్లాట్‌ఫాం మీదే ఉంటుంది. స్టేషన్‌కి పేరిచ్చిన డెంట్ ఊరు మాత్రం అక్కడికి నాలుగు మైళ్ళు, పైగా దాదాపు ఆరు వందల అడుగుల దిగువన.

ఆ లోయలో ఎప్పటినుంచో చెప్పుకునే మాట ఒకటుంది. కొత్తగా వచ్చిన పెద్దమనిషి ఎవరో "స్టేషన్‌ని ఊరికి ఇంత దూరాన ఎందుకు కట్టారు?" అని అడిగితే, అక్కడి రైతు "పట్టాలకి దగ్గరగా ఉంటే మంచిదనుకుని ఉంటారు లెండి" అన్నాట్ట. నవ్వుకోడానికి చెప్పుకునే మాటే. కానీ ఆ స్టేషన్ చరిత్ర చదివేకొద్దీ ఆ రైతు ఉన్నమాటే చెప్పాడనిపిస్తుంది. ఊరి అవసరం చూసి దాన్ని కట్టలేదు. మూసేటప్పుడూ ఊరి అవసరం చూడలేదు. మరి మళ్ళీ తెరిచింది ఎవరి అవసరం చూసి?

ఇదంతా రాయడానికి కారణం మా బావమరిది. పోయిన అక్టోబరులో హైదరాబాద్ నుంచి లీడ్స్‌కి, మా ఇంటికి వచ్చాడు. ఆడిటరు. కార్లైల్ దాకా రైల్లో వెళ్దామని తీసుకెళ్ళాను. రిబుల్‌హెడ్ దగ్గర 24 కమాన్ల వంతెన మీద బండి మెల్లగా పోతుంటే ఫోటోలు తీసుకున్నాడు. బ్లీ మూర్ సొరంగం దాటాక డెంట్‌లో బండి ఆగింది. ఒక పెద్దావిడ దిగింది. సెటిల్‌లో కొన్న సరుకులు కాబోలు, రెండు సంచులు. ఒక సంచి గార్డు అందించాడు. ఎక్కినవాళ్ళు ఎవరూ లేరు. తలుపులు మూసుకున్నాయి.

"బావా, ఈవిడ ఒక్కదాని కోసం ఇంత బండి ఆపాలా? టాక్సీ పెట్టి ఇంటి గుమ్మంలో దింపినా ఇంతకంటే చవకే కదా!" అన్నాడు.

వెటకారంగా అనలేదు. లెక్కలు చూసే మనిషికి రావాల్సిన ప్రశ్నే అది. నేను బండిలో చెప్పింది కొంతే. మిగతాది ఇక్కడ చెబుతాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తే నయం: ఒక స్టేషన్‌లో ఎంతమంది ఎక్కి దిగారన్న లెక్క చూసి దాని బతుకు తేల్చేముందు, అక్కడ రోజుకి ఎన్ని బళ్ళు ఆపారు, ఏ వేళకి ఆపారు, టికెట్టు ఎంత పెట్టారు అన్నది చూడాలి. ప్రయాణికుల సంఖ్య వానలా ఆకాశం నుంచి పడదు. టైంటేబుల్ రాసేవాళ్ళ చేతిలోనే అది చాలావరకూ తయారవుతుంది. డెంట్ ఉన్న ఈ సెటిల్-కార్లైల్ లైనులో అది కళ్ళముందే జరిగింది.

కంపెనీకే ఇష్టం లేని లైను

1860ల్లో మిడ్‌లాండ్ రైల్వే కంపెనీకి స్కాట్లండ్ ప్రయాణికుల మీద కన్ను. దారిలో ఇంగిల్‌టన్ దగ్గర పోటీ కంపెనీ, లండన్ అండ్ నార్త్ వెస్టర్న్, అడ్డం. ఇంగిల్‌టన్‌లో ఎవరి స్టేషన్ వాళ్ళది, లోయకి చెరో వైపు. మధ్యలో వంతెన ఉన్నా ప్రయాణికులు సామాను పట్టుకుని లోయలోకి దిగి, మళ్ళీ ఎక్కి అవతలి స్టేషన్‌కి నడవాల్సిన రోజులున్నాయి. తీరా వెళ్ళేసరికి అవతలి బండి వెళ్ళిపోయి ఉండేది. వేళలు కావాలనే అలా పెట్టారని మిడ్‌లాండ్ వాళ్ళ ఆరోపణ.

విసిగిపోయిన మిడ్‌లాండ్, సొంత లైను వేసుకుంటానని 1866లో పార్లమెంటు చేత చట్టం చేయించుకుంది. దాంతో అవతలి కంపెనీ దిగొచ్చి రాజీకి సిద్ధపడింది. రాజీ కుదిరేటప్పుడు కొండల్లో అంత డబ్బు ఎవరు పోస్తారు? 1869లో మిడ్‌లాండే పార్లమెంటుకి వెళ్ళి, ఈ లైను మాకు వద్దు, వదిలెయ్యండి అంది. ఈ లైను వస్తే తమకి లాభమనుకున్న వేరే కంపెనీలు అడ్డుపడ్డాయి. పార్లమెంటు కుదరదంది. బెదిరింపు కోసం తెచ్చుకున్న చట్టం మెడకి చుట్టుకుని, సెటిల్ నుంచి కార్లైల్ దాకా 72 మైళ్ళ లైను వెయ్యక తప్పలేదు.

సర్వే చేసింది షార్లండ్ అనే కుర్ర ఇంజనీరు. టాస్మానియా నుంచి వచ్చినవాడు. లైను పూర్తికాకముందే, పాతికేళ్ళ ప్రాయంలో క్షయతో పోయాడు. అతను ఎంచిన దారికి ఒకటే సూత్రం. ఎక్స్‌ప్రెస్‌లు వేగంగా పోవాలి కాబట్టి, వంద అడుగులకి ఒక అడుగు కన్నా ఎక్కువ ఏటవాలు ఉండకూడదు. లోయలోకి దిగిందా, మళ్ళీ పైకెక్కడం కష్టం. అందుకే డెంట్ లోయ వచ్చినా పట్టాలు కిందికి దిగవు. కొండవాలు పట్టుకుని పైపైనే పోతాయి. లోయకి అడ్డంగా వాగులొచ్చిన చోటల్లా రాతి వంతెనలు లేచాయి. ఊరు కింద, స్టేషన్ పైన ఉండిపోవడానికి కారణం ఇదే.

దీనికి కూలీలు పెట్టిన ఖర్చు వేరు. రిబుల్‌హెడ్ దగ్గర బ్యాటీ గ్రీన్ అనే చోట గుడిసెలతో ఊళ్ళకి ఊళ్ళే వెలిశాయి. కుటుంబాలతో సహా వేలమంది ఉన్నారు. బ్లీ మూర్ సొరంగం పొడవు 2,629 గజాలు. కొవ్వొత్తుల వెలుగులో తవ్వారు. ప్రమాదాలు ఒకపక్క, మశూచి ఇంకోపక్క. దగ్గర్లోని చాపెల్-లె-డేల్ అనే పల్లె చర్చిలో శ్మశానం చాలక స్థలం పెంచాల్సి వచ్చింది. రెండొందల మంది దాకా అక్కడ ఉన్నారు, వాళ్ళలో ఆడవాళ్ళు, చంటిపిల్లలు కూడా. చాలామందికి పేరు చెక్కిన రాయి లేదు. చర్చి లోపలి గోడకి ఒక చిన్న పాలరాతి ఫలకం ఉంది. తోటి పనివాళ్ళూ, మిడ్‌లాండ్ కంపెనీ కలిసి డబ్బు వేసుకుని పెట్టించిందని దాని మీదే రాసుంది. వంతెన చూడ్డానికి వచ్చేవాళ్ళు వేలల్లో ఉంటారు. ఆ చర్చి దాకా వచ్చేవాళ్ళు మాత్రం పదిమంది కూడా కనిపించరు. రిబుల్‌హెడ్ వెళ్ళే మనవాళ్ళకి నేను ముందుగా చెప్పేది అక్కడికి వెళ్ళమనే.

1876 మే 1న ప్రయాణికుల బళ్ళు మొదలయ్యాయి. డెంట్ స్టేషన్ తెరిచింది 1877 ఆగస్టు 6న. అంటే ఏడాదికి పైగా స్కాట్లండ్ ఎక్స్‌ప్రెస్‌లు తల మీదుగా పోతుంటే డెంట్ జనం కింద నుంచి చూస్తూ ఉండిపోయారు.

ఇంకో సంగతి. 1923లో బ్రిటిష్ రైల్వే కంపెనీల్ని దాదాపు అన్నిటినీ నాలుగు పెద్ద కంపెనీల్లో కలిపేశారు. మిడ్‌లాండ్, దాని పాత శత్రువు నార్త్ వెస్టర్న్, రెండూ ఒకే కంపెనీలో పడ్డాయి. ఏ పోటీ కోసం ఈ లైను పుట్టిందో ఆ పోటీయే పోయింది. స్కాట్లండ్‌కి ఒకే యజమానికి రెండు దారులు, అందులో ఒకటి కొండల మీదుగా, మంచులో. కాగితం మీద చూస్తే ఈ లైను అవసరం ఆనాడే తీరిపోయింది.

మంచు అన్నాను కదా. డెంట్ ప్లాట్‌ఫాం మీద నిలబడి పైనున్న వాలు చూస్తే, పాత చెక్క స్లీపర్లు నిలువుగా పాతిన దడులు వరసలు వరసలుగా కనిపిస్తాయి. కొన్ని ఒరిగిపోయాయి, కొన్ని విరిగాయి. గాలికి కొట్టుకొచ్చే మంచు పట్టాల మీద పడకుండా అక్కడే ఆగాలని పాతినవి. పట్టాలు శుభ్రం చేసే గ్యాంగువాళ్ళు రాత్రిళ్ళు ఉండడానికి స్టేషన్ పక్కనే ఒక గుడిసె. ఇన్ని చేసినా 1947 చలికాలంలో ఈ లైను వారాల తరబడి మంచులో కూరుకుపోయింది. ఒక్కో స్లీపరు దుంగని ఆ వాలు మీదికి మోసుకెళ్ళి పాతినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు.

రెండు బళ్ళు, తొంభై మూడు వేల మంది

ఇక మూత సంగతి. 1961 ఏప్రిల్‌లో ఒక వారం పాటు బ్రిటన్ అంతటా రైల్వే రాకపోకల సర్వే చేశారు. దాని ఆధారంగా 1963 మార్చిలో వచ్చిందే, రైల్వే బోర్డు చైర్మన్ బీచింగ్ ఇచ్చిన నివేదిక. 2,363 స్టేషన్లు మూసెయ్యమంది. ఏప్రిల్ వారం లెక్క చూసి, ఆగస్టులో నిండిపోయే సముద్రతీరం బళ్ళని ఎలా తూస్తారని అప్పుడే చాలామంది అడిగారు. సెటిల్-కార్లైల్ ప్రయాణికుల బళ్ళు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. వెంటనే మూయలేదు గానీ, 1970 మే 4న సెటిల్, ఆపిల్‌బీ తప్ప మధ్యలో ఉన్న స్టేషన్లన్నీ మూతపడ్డాయి. వాటితోపాటే డెంట్.

ఆ తర్వాత జరిగింది నెమ్మదిగా జరిగింది. 1974లో స్కాట్లండ్‌కి పోయే రెండో దారి, పాత నార్త్ వెస్టర్న్ వాళ్ళది, గ్లాస్గో దాకా విద్యుదీకరణ అయింది. పెద్ద ఎక్స్‌ప్రెస్‌లు అటు మళ్ళాయి. 1982లో నాటింగ్‌హామ్-గ్లాస్గో బళ్ళు కూడా మళ్ళించేశారు. ఈ లైనుకి మిగిలింది రోజుకి లీడ్స్-కార్లైల్ బళ్ళు రెండే. 1983లో ప్రభుత్వ రైల్వే సంస్థ బ్రిటిష్ రైల్ వాళ్ళు లైనే మూసేస్తామన్నారు. చెప్పిన కారణాలు రెండు. జనం ఎక్కట్లేదు. రిబుల్‌హెడ్ వంతెన పాడైంది, మరమ్మతుకి 60 లక్షల పౌండ్ల దాకా అవుతుంది.

జనం ఎక్కట్లేదన్నది నిజమే. ఆ ఏడాది మొత్తం లైను మీద 93,000 మంది. కానీ రోజుకి రెండు బళ్ళు, సెటిల్, ఆపిల్‌బీ తప్ప మధ్యలో రోజూ బండి ఆగే స్టేషన్లే లేవు. ఊళ్ళోవాడు ఎక్కుదామన్నా ఎక్కడ ఎక్కుతాడు?

అప్పుడు జరిగిందే ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యం. మూత పని చూడమని బ్రిటిష్ రైల్ రాన్ కాటన్ అనే మేనేజర్ని పెట్టింది. ఆయన లైను ఉన్నన్నాళ్ళూ నడపాల్సిన తీరుగా నడుపుదామనుకున్నాడు. చవక టికెట్లు పెట్టాడు, బళ్ళు పెంచాడు, ప్రచారం చేశాడు. 1983లో 93,000 ఉన్న ప్రయాణికులు 1989 నాటికి నాలుగున్నర లక్షలు. అవే కొండలు, అదే వంతెన, అవే ఊళ్ళు. మారింది టైంటేబులూ, టికెట్టు ధరా. మూసేస్తారటగదా, ఒకసారి చూసొద్దాం అని వచ్చినవాళ్ళు కూడా అందులో చాలామంది ఉంటారు, ఒప్పుకుంటాను. కానీ ఆరేళ్ళ పాటు పెరుగుతూ పోయిన సంఖ్యని ఒక్క వీడ్కోలు సరదాతో కొట్టెయ్యలేం.

వంతెన సంగతీ అంతే. 1985లో బరువు తగ్గించడానికి వంతెన మీద రెండు పట్టాల దారిని ఒకటి చేశారు. తర్వాత ప్రయోగంగా కొంత మరమ్మతు చేసి చూస్తే, అనుకున్నంత ఖర్చు అక్కర్లేదని తేలింది. అంటే మూతకి చెప్పిన రెండు అంకెలూ, జనం అంకె, వంతెన అంకె, గట్టిగా పట్టి చూసేసరికి నిలవలేదు.

అప్పటి చట్టంలోని ఒక చిత్రం మా బావమరిదికి చెబితే నిజంగానే ఆశ్చర్యపోయాడు. రైలు తీసేస్తామంటే అభ్యంతరాలు వినడానికి వినియోగదారుల కమిటీ ఉండేది. ఆ కమిటీ వినాల్సింది ప్రయాణికులకి కలిగే కష్టం గురించే. రైల్వే చూపించే జమాఖర్చులు సరైనవా కావా అని తేల్చే అధికారం దానికి లేదు. ఆడిటరు కదా, "లెక్క అడగడానికి వీల్లేకుండా లెక్క చూపించి మూస్తారా!" అన్నాడు. ఆ మాటతో అతను పూర్తిగా నా వైపు రాలేదు గానీ, టాక్సీ మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

అభ్యంతరాలు 22,000 పైచిలుకు వచ్చాయి. వాటిలో ఒకటి కుక్క పాదముద్ర. రస్సప్ అనే ఆ కోలీ జాతి కుక్క యజమాని గ్రాహం నట్టాల్, లైను కాపాడాలని పోరాడినవాళ్ళలో ముఖ్యుడు. కుక్కకీ టికెట్టు కొనేవారు కాబట్టి, డబ్బు కట్టిన ప్రయాణికుడి అభ్యంతరంగానే దాన్ని లెక్కలో వేసుకున్నారు. 1989 ఏప్రిల్ 11న ప్రభుత్వం మూత ప్రతిపాదనని తోసిపుచ్చింది. మరుసటి జనవరిలో నట్టాల్ వేల్స్ కొండల్లో నడకకి వెళ్ళి తిరిగి రాలేదు. ఏప్రిల్‌లో శవం దొరికేదాకా, పదకొండు వారాల పాటు, ఆ చలిలో కుక్క ఆయన పక్కనే ఉంది. డెంట్ తర్వాతి స్టేషన్ గార్స్‌డేల్‌లో ఇప్పుడు దాని కంచు విగ్రహం ఉంది.

బతికించింది ఎవరు, ఎవరికోసం

ఇక్కడితో ఆపితే ఇది గెలుపు కథ. కానీ నాకు గట్టి సందేహాలు కొన్నున్నాయి.

మొదటిది, 1980ల్లో ఈ లైనుని కాపాడింది ఎక్కువగా ఊళ్ళో రైతులు కాదు. ఆవిరి ఇంజన్లంటే ప్రాణమిచ్చేవాళ్ళు, నడకకి వచ్చే పట్నంవాళ్ళు, రిటైరైన మేష్టర్లు. ఒకసారి స్కిప్టన్ దాకా నా ఎదుటి సీట్లో కూర్చున్న పెద్దాయన ఆ రోజుల్లో అభ్యంతరం రాసినవాడే. "నేను బ్రాడ్‌ఫర్డ్ వాణ్ణి. ఆ లైను మీద అప్పటికి ఎక్కింది చాలా తక్కువ. కానీ అది పోతే తట్టుకోలేననిపించింది" అన్నాడు. ఆయన నిజాయితీ నాకు నచ్చింది. కానీ అందంగా ఉన్న లైనుకే ఈ అదృష్టం. వంతెనలూ కొండలూ లేక చదునైన పొలాల మధ్య పోయే లైనుకి ఎవరు సంతకం పెడతారు? బీచింగ్ కాలంలో పోయినవాటిలో ఎక్కువ అలాంటివే.

అయితే అందుకని డెంట్‌ని తప్పుపట్టలేం. 1975లో మొదట డెంట్ ప్లాట్‌ఫాంని మళ్ళీ వాడుకలోకి తెచ్చింది ఈ లోయల ప్రాంతాన్ని చూసే యార్క్‌షైర్ డేల్స్ నేషనల్ పార్క్ వాళ్ళు. వారాంతాల్లో ప్రత్యేకంగా బళ్ళు కుదుర్చుకుని నడిపారు. ఆ బళ్ళలో నడక కోసం వచ్చే పట్నంవాళ్ళు ఇటు వస్తే, లోయవాళ్ళు అదే బండెక్కి పట్నంలో కొనుక్కోవలసినవి కొనుక్కోవడానికి అటు వెళ్ళేవాళ్ళు. 1986 జులైలో, మూత వ్యవహారం ఇంకా తేలకముందే, డెంట్‌తో సహా ఎనిమిది స్టేషన్లలో రోజూ బళ్ళు ఆగడం మొదలైంది. మూసేస్తామన్న లైను మీద స్టేషన్లు తెరుచుకున్నాయి! సరదాకి వచ్చేవాళ్ళ టికెట్టు డబ్బు మీదే ఆ సంచుల పెద్దావిడ ప్రయాణమూ నడుస్తోంది. ఇందులో అవమానం ఏముంది?

రెండో సందేహం ఇంకా బలమైనది. నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న స్టేషన్ ఊరికి ఎంత పనికొస్తుంది? కారు లేనివాళ్ళకి ఆ ఏటవాలు రోడ్డు ఎక్కడం మాటలు కాదు. స్టేషన్ భవనం ఇప్పుడు ప్రైవేటు వాళ్ళది, సెలవులకి అద్దెకిస్తారు. గ్యాంగువాళ్ళ గుడిసె సంగతీ అంతే. ఊళ్ళో బడికెళ్ళే పిల్లలకీ ఆస్పత్రికెళ్ళే ముసలివాళ్ళకీ కావాల్సింది బస్సు. రైలు మీద పెట్టే డబ్బు బస్సు మీద పెట్టొచ్చు కదా అంటే, తోసిపారేసే ప్రశ్న కాదు. నాకు తోచే జవాబు ఒకటే. రైలు తీసేసిన చాలా ఊళ్ళలో ఆ డబ్బు బస్సుకి రాలేదు. బీచింగ్ తర్వాత రైలుకి బదులు పెట్టిన బస్సులు చాలాచోట్ల కొన్నేళ్ళకే మాయమయ్యాయి. రైలుండగానే బస్సుని దానికి కలపడం చేతయితే, అప్పుడు రెండూ బతుకుతాయి. గార్స్‌డేల్‌లో ఇది నడుస్తోంది కూడా. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇదంతా చదువుతుంటే నాకు మన అరకు లైను గుర్తొస్తూ ఉంటుంది. కొత్తవలస-కిరండూల్ లైను 1960ల్లో వేసింది బైలదిల్లా ఇనప ఖనిజం విశాఖ రేవు చేర్చి జపాన్‌కి పంపడానికి. దారిలో ఉన్న ఊళ్ళు దానికి ముఖ్యం కాదు. 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ, మన బ్రాడ్‌గేజ్ మీద ఎత్తైన స్టేషన్‌గా చాలాకాలం పేరుమోసింది. అక్కడా ఖనిజం బళ్ళ సందు చూసుకుని నడిచేది రోజుకో ప్యాసింజరు. దాన్ని పట్టుకునే గిరిజనులు సంతలకి వెళ్ళారు, దాన్ని పట్టుకునే పర్యాటకులు బొర్రా గుహలకి వచ్చారు. 2017లో అద్దాల బోగీ వచ్చింది. పుట్టించిన అవసరం వేరు, బతికించే అవసరం వేరు. రెండు కొండల్లోనూ అదే జరిగింది.

అంకెల సంగతి కూడా మనకి కొత్తది కాదు. 2020లో కొవిడ్‌కి ఆగిన ప్యాసింజర్ బళ్ళు చాలావరకు ఎక్స్‌ప్రెస్ స్పెషల్ పేరుతో తిరిగొచ్చాయి. కనీస చార్జీ 10 రూపాయలుండేది 30 అయింది. మళ్ళీ 10కి దిగింది 2024 ఫిబ్రవరిలో. ఆ మధ్య ఏళ్ళ టికెట్ల లెక్క తీసి, ఫలానా చిన్న స్టేషన్‌లో జనం ఎక్కట్లేదని ఎవరైనా రేపు హాల్ట్ తీసేస్తే, ఆ లెక్క దేని గురించి చెబుతున్నట్టు? ఊరి గురించా, చార్జీ గురించా?

హాస్‌కి ఎందుకు రైలు లేదు

2016 ఫిబ్రవరిలో విపరీతమైన వానలకి ఆర్మథ్‌వెయిట్ దగ్గర ఈడెన్ నది ఒడ్డు జారి, పట్టాల కింద నేల కదిలిపోయింది. మరమ్మతుకి 2 కోట్ల 30 లక్షల పౌండ్లయింది. 2017 మార్చి 31న లైను పూర్తిగా తెరుచుకుంది. 1980ల్లో 60 లక్షలు అవుతాయేమోనన్న భయానికే మూసేద్దామన్న లైను ఇది. ధరలు పెరిగాయి, నిజమే, రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. కానీ 2016లో ఈ లైను ఉంచాలా వద్దా అనే చర్చ పైకి రానేలేదు. ఎలా బాగుచెయ్యాలన్నదే చర్చ. లైను మీద నమ్మకం ఉన్నప్పుడు, లేనప్పుడు, ఇంజనీర్ల ముందుకొచ్చే ప్రశ్నే మారిపోతుంది.

నన్ను చివరిదాకా ఇబ్బంది పెట్టేది మాత్రం హాస్. గార్స్‌డేల్ స్టేషన్‌లో దిగి తూర్పుకి చూస్తే ఒక పాత కట్ట ఆనవాలు లోయలోకి పోతూ ఉంటుంది. అది హాస్ అనే ఊరికి పోయే లైను. ఆరు మైళ్ళు. హాస్ సంత ఊరు, వెన్స్లీడేల్ జున్నుకి పేరుపడ్డది. నాలుగు మైళ్ళ అవతల కాదు, ఊళ్ళోనే స్టేషన్ ఉండేది. తూర్పు వైపు నుంచి ప్రయాణికుల బళ్ళు 1954లో ఆగాయి, గార్స్‌డేల్ వైపు బండి 1959లో. పట్టాలు పీకేశారు. స్టేషన్ ఇప్పుడు మ్యూజియం. ఊరు దగ్గర లేని డెంట్‌కి బండి మిగిలింది, జనమున్న హాస్‌కి పోయింది. హాస్ బండి పోయిననాటికి కాటన్ లాంటి మేనేజరు లేడు, అభ్యంతరాల ఉద్యమాలు లేవు. 24 కమాన్ల వంతెన అసలే లేదు. న్యాయంగా జరిగిందని నేను అనలేను.

ఇప్పుడు గార్స్‌డేల్‌లో కొన్ని బళ్ళకి హాస్ నుంచి ఒక చిన్న తెల్ల బస్సు వస్తుంది. స్థానికులు కలిసి నడుపుకునే సర్వీసు. ఒకసారి నేనెక్కినప్పుడు డ్రైవరు, ఎక్కిన ప్రతివాళ్ళనీ ఎక్కడికని కాదు, ఎవరింటికని అడిగాడు. ఊరి చివర ఒక గేటు ముందు ఆపి, లోపలున్నవాళ్ళు బయటికి వచ్చేదాకా ఆగాడు. టైంటేబుల్‌లో అలాంటి స్టాపు లేదు.

గార్స్‌డేల్-హాస్ పట్టాలు మళ్ళీ వెయ్యాలని అడిగేవాళ్ళు హాస్ ఉన్న వెన్స్లీడేల్ లోయలో ఉన్నారు. నేను వాళ్ళ పక్షమే. అయితే ఖర్చు చిన్నది కాదు, ఆరు మైళ్ళకీ ఇవాళ ఎంతవుతుందో వింటే మా బావమరిది లాంటివాళ్ళు అక్కడే ఆగిపోతారు. వాళ్ళ కోసం నేనడిగేది ఇది. ముందు, గార్స్‌డేల్‌లో ఆగే ప్రతి బండికీ, ఉదయం మొదటిదానికీ రాత్రి ఆఖరిదానికీ కూడా, హాస్ బస్సు ఉండాలి. రైలుకీ బస్సుకీ కలిపి ఒకటే టికెట్టు ఉండాలి, అదీ అక్కడివాళ్ళు ఇవ్వగలిగినంత. అలా కొన్నేళ్ళు నడిపి, చలికాలం వేసవి రెండూ చూసి, అప్పుడు లెక్కపెట్టండి. ఆ లెక్క నేను ఒప్పుకుంటాను, తక్కువొచ్చినా సరే.